అర్జీ హుకుము కారాదు

(గత ఆదివారము సంఘ పఠనమందిరమున జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన వేదికపై సాధారణముగా భాషను గూర్చియు, బడులను గూర్చియు, మన పిల్లలకు తెలుగు వాచకములు వేళకు అందకపోవుటను గూర్చియు ప్రసంగములు జరుగుచుండును. నేడు నేను రౌటరును గూర్చి మాటలాడబోవుచున్నానని కార్యదర్శిగారు ప్రకటించినపుడు కొందరు పెద్దలు నవ్విరి. ఆ నవ్వు న్యాయమైనదే. గోడకు తగిలించిన ఆ చిన్న పెట్టెకును మన సంఘమునకును సంబంధమేమని వారి సందేహము. ఆ సంబంధమును చెప్పుటకే నిలిచితిని.

పదునైదు దినముల క్రిందట ఈ మందిరములో ఇంటర్నెట్టు మందగించినదని పిల్లలు మొరపెట్టుకొనగా, కార్యదర్శిగారును నేనును ఆ పెట్టె యొక్క నిర్వహణ పుటను తెరచి చూచితిమి. పెట్టె అడుగున అచ్చువేసియున్న పాస్‌వర్డే నేటికిని పనిచేయుచున్నది. దాని ఫర్మ్‌వేరును, అనగా పెట్టెను లోపలినుండి నడపు ప్రోగ్రామును, కొన్ననాటినుండి ఎవరును నవీకరింపలేదు. అదే పుటలో, ఆ సమయమున మన రౌటరుతో కలిసియున్న ఫోనుల పేర్లన్నియు వరుసగా కనబడెను. ఒకరు తమ పేరే పెట్టుకొనిరి. ఒకరు సినిమా కథానాయకుని పేరు పెట్టిరి. ఒక చిరంజీవి “తాతగారి ఫోను, ముట్టరాదు” అని పెట్టెను. మేము చూచి నవ్వుకొంటిమి. కాని ఇల్లు చేరిన పిదప నాకొక ఆలోచన తోచినది. ఆ పేర్లు వ్రాసినవారెవరు? మేము కాము. ఎవరెవరో వ్రాసిన మాటలు, సర్వాధికారములుగల యజమాని చూచు పుటలోనికి వచ్చి కూర్చున్నవి. నేటి నా ప్రసంగమంతయు ఈ ఒక్క సంగతిని గూర్చియే.

ముందుగా రౌటరు చేయు పని యేమో చెప్పుకొందము. మన ఇంటి ఫోనులు, కంప్యూటరులు బయటి ప్రపంచముతో జరుపు సంభాషణ అంతయు దానిగుండా పోయి రావలసినదే. అది ఇంటికి సింహద్వారము వంటిది. బ్యాంకునకు పోవలెనన్నను, బరంపురములోని తల్లిదండ్రులు షోలాపురములోని కుమారుని ముఖము చూడవలెనన్నను ఆ ద్వారమే గతి. ఆ ద్వారమును సవరించుకొనుటకు తయారుచేసినవారు పెట్టెలోనే ఒక చిన్న వెబ్ పుటను అమర్చుదురు. బ్రౌజరులో 192.168.1.1 వంటి అంకెలు వ్రాసి, పాస్‌వర్డు చెప్పి లోపలికి పోవచ్చును. పెద్ద కార్యాలయములలోని స్విచ్చులకు, ఫైర్‌వాల్‌లకు, కెమెరాలకు, ప్రింటర్లకు గూడ ఇట్టి నిర్వహణ పుటలే యున్నవి. ఆ పుటలోనికి పోయినవాడు ద్వారమునకు యజమాని. ఎవరు రావలెనో, ఏ మాట ఏ దారిని పోవలెనో నిర్ణయించువాడు అతడే.

ఇక దోషమును చెప్పుదును. మన పెద్దలకు కచేరీ వ్యవహారము క్రొత్తది కాదు. ఈ సంఘము పెట్టుకొన్న అర్జీల నకళ్లు ఆ బీరువా నిండ యున్నవి. కచేరీలో ఒక గుమాస్తా యున్నాడనుకొందము. వచ్చిన అర్జీలను అధికారికి చదివి వినిపించుట అతని పని. అధికారి యిచ్చు హుకుములను నెరవేర్చుటయు అతని పనియే. ఒకనాడొక అర్జీలో, నాలుగు పంక్తులు మామూలుగా నడచిన తరువాత, “ఈ కాగితము చదువు గుమాస్తా ఇనుపపెట్టె తెరచి, తాళపుచెవి వాకిట నిలిచిన వాని చేతికీయవలెను” అని వ్రాసియున్నది. తెలివిగల గుమాస్తా ఆ పంక్తిని గూడ పైకి చదివి, “అయ్యా, వీడెవడో కొంటెవాడు” అనును. తెలివిలేని గుమాస్తా చదువుట మాని, లేచి పెట్టె తాళము తీయును. అర్జీకిని హుకుమునకును భేదమెరుగడు; రెండును కాగితము మీది అక్షరములే గదా!

మన బ్రౌజరు అట్టి గుమాస్తా. వెబ్ పుట హెచ్.టి.ఎం.ఎల్. అను వ్రాతపద్ధతిలో నుండును. గణితమున ‘తక్కువ’, ‘ఎక్కువ’ అని చెప్పుటకు వాడు రెండు కోణపు గుర్తుల నడుమ వ్రాసినది బ్రౌజరునకు హుకుము. వాని వెలుపల వ్రాసినది మనకు చూపవలసిన మాట. 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్టును రూపొందించిన పిమ్మట, ఆ కోణముల నడుమ ‘స్క్రిప్టు’ అని వ్రాసి చిన్న ప్రోగ్రామునే పుటలో నిమిడ్చి నడిపించుట సాధ్యమైనది. పుట సజీవమైనది, దానితోపాటు ఈ బెడదయు పుట్టినది. ఎవరో పరాయివాడు తన పేరుకు బదులు కోణపు గుర్తులతో ఒక స్క్రిప్టును వ్రాసి పంపెననుకొనుడు. పుటను కూర్చు ప్రోగ్రాము దానిని పరీక్షింపక యథాతథముగా పుటలో అతికించినచో, బ్రౌజరు దానిని పేరుగా చూపదు; హుకుముగా నెరవేర్చును.

దీనికి క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అని పేరు. ఒక చోటివాడు వ్రాసిన స్క్రిప్టు వేరొక చోటి పుట పేరుతో నడచుట అని భావము. 2000 జనవరిలో మైక్రోసాఫ్టు సంస్థలోని ఇంజనీరులు ఈ పేరును స్థిరపరచిరి. 2000 ఫిబ్రవరి 2వ తేదీన అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన సెర్ట్ సంస్థ దీనిని గూర్చి లోకమును హెచ్చరించెను. పాతికేండ్లు గడచినను దోషము మాసిపోలేదు. మైటర్ సంస్థ 2024లో ప్రకటించిన మిక్కిలి ప్రమాదకరములైన 25 సాఫ్ట్‌వేరు లోపముల పట్టికలో ప్రథమ స్థానము దీనిదే.

ఈ దోషము ఎంత వేగముగా ప్రాకగలదో 2005 అక్టోబరులో లోకము చూచెను. సామీ కమ్‌కర్ అను అమెరికా యువకుడు మైస్పేస్ అను స్నేహవేదికలోని తన పరిచయ పుటలో ఒక స్క్రిప్టును దాచెను. ఆ పుటను చూచిన ప్రతివాని పుటలోనికి అది తనంతట తాను ఎక్కి, వానిని సామీకి మిత్రునిగా జేసెను. ఇరువది గంటలు తిరుగక మునుపే పది లక్షలకు పైబడిన మంది అతనికి మిత్రులైరి. ఎవరి పాస్‌వర్డును అతడు దొంగిలింపలేదు. పుటకు తన యజమాని మాటకును పరాయివాని మాటకును భేదము తెలియకపోవుటయే అతనికి చాలినది.

స్నేహవేదికలో జరిగినది వేడుకగా పోవచ్చును. అదే దోషము ద్వారమును పాలించు పుటలోనే యున్నచో ఏమగును? అందులకు 2005 సంవత్సరమే మరియొక ఉదాహరణము నిచ్చినది. సిస్కో సంస్థ రౌటర్లు ప్రపంచమంతట వాడుకలో నున్నవి. వానిని నడపు ఐ.ఓ.ఎస్. అను ప్రోగ్రాములోని వెబ్ నిర్వహణ భాగములో లోపమున్నదని ఆ డిసెంబరు 1వ తేదీన సంస్థయే ప్రకటించెను. రౌటరు తనగుండా పోవు సమాచారపు పొట్లములను క్షణకాలము జ్ఞాపకములో నుంచుకొనును. నిర్వాహకుడు వెబ్ పుటద్వారా ఆ జ్ఞాపకమును పరిశీలించినపుడు, పొట్లములోని అక్షరములు ఉన్నవి ఉన్నట్లే పుటలో పడుచుండెను. పొట్లములో స్క్రిప్టు ఉన్నచో అది నిర్వాహకుని బ్రౌజరులో, నిర్వాహకుని అధికారముతో నడచును. ఇందలి విపరీతమును గమనింపుడు. పంపినవానికి రౌటరులో ప్రవేశము లేదు, పాస్‌వర్డు లేదు. వాడు దారినపోవు ఒక పొట్లమును మాత్రము పంపెను. జాగ్రత్తపరుడైన నిర్వాహకుడు తనిఖీ చేయుటకు తొంగిచూచుటే అపాయమునకు కారణమైనది.

పరాయి మాట నిర్వహణ పుటను చేరుటకు దారులు పెక్కులు. మన పుటలో చూచిన ఫోనుల పేర్లు ఒక దారి. ఫోను రౌటరుతో కలియునపుడు తన పేరును తానే చెప్పుకొనును. రౌటరు దానిని నమ్మి వ్రాసికొనును. చుట్టుప్రక్కల వైఫై పేర్ల పట్టిక రెండవ దారి. పొరుగింటివాడు తన వైఫైకి పెట్టిన పేరు మన పుటలో కనబడును. తప్పు పాస్‌వర్డులతో ప్రవేశింప యత్నించినవారి దినచర్య మూడవ దారి. అందు వాడు చెప్పిన పేరు గూడ నమోదగును. లోనికి రాలేనివాడు తలుపు తట్టిపోయి, ఆ తట్టిన గురుతుతోనే లోనికి వచ్చుటయన్నమాట. ఇవి పెట్టెలోనే నిలువయుండి, యజమాని వచ్చువరకు పొంచియుండు విధములు. మరియొక విధమున స్క్రిప్టు నిలువయుండదు. మోసగాడు పంపిన లంకెలోనే దాగియుండును. ఆ లంకెను మనము నొక్కినచో మన బ్రౌజరే దానిని రౌటరునొద్దకు గొనిపోవును. రౌటరు దానిని అద్దమువలె పుటలో త్రిప్పి చూపును.

“మా రౌటరు పుట మా ఇంటిలోపలనే తెరచుకొనును, బయటివాని కందదు గదా” అని కొందరు ధైర్యముగా నుందురు. ఆ ధైర్యము సగమే నిజము. బయటివాడు ఇంటిలోపలికి రానక్కరలేదు. మన బ్రౌజరు ఇంటిలోపలనే యున్నది. అది బయటి పుటను చదువుచు, అందలి ఆజ్ఞను ఇంటిలోని రౌటరునకు చేరవేయును. 2010లో అదే సామీ కమ్‌కర్ దీనిని ప్రదర్శించి చూపెను. అమెరికాలో ఇండ్లకు పంపిణీయైన ఒక రకపు రౌటరులోని ఈ దోషమును ఆధారము చేసికొని, ఒక వెబ్ పుటను చూచినంత మాత్రమున ఆ రౌటరు యంత్ర సంఖ్యను రాబట్టెను. ఆ సంఖ్యను గూగుల్ స్థలనిర్ణయ సేవకు చూపి, చూచువాని ఇల్లు ఎక్కడనున్నదో కనుగొనవచ్చునని నిరూపించెను.

ద్వారము పరుల వశమైనచో కలుగు పెద్ద నష్టము డి.ఎన్.ఎస్. మార్పు. మనము బ్యాంకు పేరు వ్రాసినపుడు, ఆ పేరుగల యంత్రపు అంకెలేవో చెప్పు చిరునామాల పుస్తకము వంటిది డి.ఎన్.ఎస్. ఏ పుస్తకమును అడుగవలెనో రౌటరులో వ్రాసియుండును. దొంగ ఆ పంక్తిని మార్చి తన పుస్తకమును చూపినచో, మనము సరియైన పేరే వ్రాసినను దొంగ బ్యాంకునకు పోవుదుము. ఇది ఊహ కాదు. 2008 జనవరిలో మెక్సికో దేశమున ఇట్టి దాడి జరిగినట్లు సిమాంటెక్ సంస్థ వెల్లడించెను. ఒక ఈమెయిలులో బొమ్మ యున్నట్లు చూపిరి. ఆ బొమ్మ చిరునామాయే రౌటరునకు ఆజ్ఞ. ఒక బ్యాంకు పేరుకు తప్పుడు అంకెలు వ్రాసికొమ్మని. బ్రెజిలులో 2011 మొదలు నిర్వహణ పుటలోని లోపమును పట్టుకొని 45 లక్షల మోడెములలో డి.ఎన్.ఎస్.ను మార్చివేసిరని కాస్పర్‌స్కీ సంస్థ 2012లో నివేదించెను. ఈ రెండును నేను చెప్పుచున్న దోషమునకు సోదరదోషములు; రూపము కొంత వేరు, ఫలము ఒక్కటే. స్క్రిప్టు మార్గమున ప్రవేశించినవాడును ఈ పనినే చేయగలడు.

“మనయొద్ద దోచుకొనుటకేమున్నది?” అని అడుగువారున్నారు. వృద్ధుల పెన్షను ఖాతాలు ఈ మందిరములోని వైఫైమీదనే తెరచుచున్నారు. సభ్యుల చిరునామాలు, పిల్లల బడి ధ్రువపత్రములు, మనము అధికారులకు పంపుకొనెడు విజ్ఞప్తులు ఈ ద్వారముననే పోవుచున్నవి. ఊరిలో కొద్దిమందిగా నుండువారికి పరస్పర విశ్వాసమే మూలధనము. సంఘములో ఫోను తెరచినందున ఒక వృద్ధురాలి సొమ్ము పోయినదన్న వార్త పుట్టినచో, మన తాతలు కట్టిన ఈ మందిరమునకు మరల ఎవరు వత్తురు?

దీనికి మందు లేకపోలేదు. అది మొదట తయారుచేయువారి చేతిలోనున్నది. బయటినుండి వచ్చిన ప్రతి మాటను పుటలో పెట్టునపుడు, అందలి కోణపు గుర్తుకు బదులు “ఇది కోణపు గుర్తును చూపుటకు మాత్రమే” అని తెలుపు సంకేతమును వ్రాయవలెను. అప్పుడు బ్రౌజరు దానిని చదివి చూపును గాని పాటింపదు. అర్జీని అర్జీగనే చదువుమని గుమాస్తాకు నేర్పుట యన్నమాట. ఇంతకుమించి రెండు కాపుదలలు గలవు. ప్రవేశ చిహ్నమైన కుకీని స్క్రిప్టు ముట్టరాదని బ్రౌజరునకు చెప్పు పద్ధతిని మైక్రోసాఫ్టు 2002లో ప్రవేశపెట్టెను. పుటలో ఏ స్క్రిప్టులు నడువవచ్చునో ముందుగానే జాబితా యిచ్చు పద్ధతి 2011 నుండి బ్రౌజరులలోనికి వచ్చినది. ఇవి రెండవ గడియలు; మొదటి గడియ వేయనక్కరలేదని చెప్పునవి కావు.

కొందరు తయారీదారులు సులభోపాయమని తలచి, ఆంగ్లాక్షరములు, అంకెలు దప్ప తక్కిన గుర్తులన్నిటిని నిషేధింతురు. ఇది మనవంటివారు గమనింపదగిన విషయము. దోషము అక్షరములలో లేదు. అక్షరమును హుకుముగా భావించుటలో నున్నది. సంకేతము మార్చి వ్రాయు పద్ధతిలో ఏ లిపిలోని పేరైనను క్షేమముగా నిలుచును. వైఫై పేరునకు 32 బైట్ల చోటున్నది. తెలుగులో ఒక్కొక్క సంకేతమునకు, గుణింతపు గుర్తునకు గూడ, 3 బైట్లు పట్టును. మన రౌటరునకు “తెలుగు సంఘము” అని పేరు పెట్టబోతిమి. 34 బైట్లయినందున పట్టలేదు. “తెలుగు సంఘం” అన్నచో 31 బైట్లతో సరిపోయినది. ఈ ఒక్కచోట వ్యావహారికవాదులే గెలిచిరని మన పండితులు ఒప్పుకొనవలసివచ్చెను! భద్రత పేరిట మన లిపిని బయట నిలుపనక్కరలేదని చెప్పుటకే ఈ ముచ్చట.

తయారీదారు మందు చేసినను, రోగి దానిని పుచ్చుకొనవలెను గదా. సిస్కో సంస్థ 2014 మార్చిలో తన ఏ.ఎస్.ఏ. ఫైర్‌వాల్‌ల ప్రవేశ పుటలో ఈ దోషమున్నదని ప్రకటించెను. 2024 నవంబరులో, అనగా పది సంవత్సరములు దాటిన తరువాత, దానిని దుండగులు వాడుకొనుచున్నట్లు తెలిసి, అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ దానిని తన హెచ్చరికల పట్టికలో చేర్చెను. దోషము ప్రకటితమై పదేండ్లయినను, మరమ్మతు లేని పెట్టెలు ఇంకను గోడలమీద నున్నవని దుండగులకు తెలియును. అదే జాతి పరికరములలో 2020 అక్టోబరున మరికొన్ని ఇట్టి దోషములు బయటపడగా, మొదట చేసిన మరమ్మతు చాలక 2021 ఏప్రిలులో మరల చేయవలసివచ్చెను. కాబట్టి ఒకసారి సవరించితిమని ఊరకుండుటకు వీలులేదు.

ఇక మనము చేయదగిన పనులు. రౌటరుతో వచ్చిన పాస్‌వర్డును నేడే మార్చుడు. ఫర్మ్‌వేరు నవీకరణము తనంతట జరుగునట్లు వీలున్నచో అట్లు అమర్చుడు. లేనిచో మూడు నెలలకొకసారి చూచుకొనుడు. తయారీదారు నవీకరణములు మానివేసిన పెట్టెను, అది పనిచేయుచున్నను, విశ్రాంతి నిచ్చి వేరొకటి కొనుడు. దూరమునుండి నిర్వహించు సదుపాయమును మూసివేయుడు. నిర్వహణ పుటను తెరచుటకు ముందు తక్కిన పుటలన్నిటిని మూయుడు. పని ముగియగానే ‘లాగౌట్’ అను మీటను నొక్కి బయటకు రండు. పుట మూసినంత మాత్రమున బయటకు వచ్చినట్లు కాదు. అతిథులకు వేరు వైఫై నీయుడు. రౌటరును సరిచేయుదుమని వచ్చిన లంకెలను నొక్కకుడు. 2004 నుండి పనిచేయుచున్న మన దేశపు సెర్ట్-ఇన్ సంస్థ ఇట్టి దోషములను గూర్చి ప్రకటనలు వెలువరించుచున్నది. కంప్యూటరు విద్య చదివిన మన యువకులు వానిని చదివి, పెద్దలకు తెలుగులో చెప్పవలెను.

మన మందిరపు పెట్టెకు కార్యదర్శిగారు పాస్‌వర్డు మార్చిరి. ఫర్మ్‌వేరు కొరకు వెదకగా, ఆ పెట్టెకు తయారీదారు నవీకరణములు నిలిపివేసెనని తెలిసినది. కావున క్రొత్త పెట్టె కొనుటకు కార్యవర్గము అనుమతింపవలెననియు, దానిని చూచుకొను బాధ్యతను ఒక యువ సభ్యునకు పేరుపెట్టి అప్పగింపవలెననియు ఈ సభకు మనవి చేయుచున్నాను. అందరి పని ఎవరి పనియు కాకపోవుట మనమెరిగినదే.

అర్జీలు పెట్టుట మన హక్కు. ఇతరుల అర్జీలను ఆదరముతో చదువుట మన మర్యాద. కాని ఎవడో వ్రాసిన అర్జీ మన ఇంటిలో హుకుమై నడువరాదు.